ఫోన్‌లోకి ఇంటి స్విచ్చు.. లాభమెంత? ముప్పెంత?

* సొంతంగా అమర్చుకునే ఆటోమేషన్‌పై యువత ఆసక్తి
* ట్యాంకు మోటారుకు మేలు.. ఎల్‌ఈడీ దీపానికి దండగ
* ఎర్తింగ్ లేని ఇంట్లో పొంచి ఉన్న ప్రమాదం

జగిత్యాల: తెలంగాణ పల్లెకు ఆటోమేషన్ కొత్త కాదు. ఆ పేరు తెలియక ముందే రైతు దానిని తన బావి దగ్గర బిగించుకున్నాడు. వేళాపాళా లేని త్రీఫేజ్ కరెంటు కోసం అర్ధరాత్రి పొలానికి వెళ్లి, తడి నేలపై నిలబడి స్టార్టరు నొక్కబోయి విద్యుదాఘాతానికి, దారిలో పాముకాటుకు బలైన రైతులు ఎందరో ఉన్నారు. ఆ భయం నుంచే ఆటోస్టార్టరు ఊళ్లలోకి వచ్చింది. కరెంటు వస్తే మోటారు దానంతటదే తిరుగుతుంది. రైతు ఇంట్లో నిశ్చింతగా పడుకోవచ్చు.

అయితే బోరులో నీరుందో లేదో, మడి నిండిందో లేదో ఆ పెట్టెకు తెలియదు. కరెంటు రావడమొక్కటే దానికి తెలుసు. నీరు గట్టు దాటి పొర్లినా మోటారు ఆగదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేవడంతో ఆ భారానికి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, భూగర్భ జలాలు అడుగంటుతాయన్న ఆందోళనతో ఆటోస్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వం, విద్యుత్ పంపిణీ సంస్థలు ఊరూరా ప్రచారం చేయవలసి వచ్చింది.

ఇప్పుడు అదే తరహా పరికరం ఇంటి గోడమీదికి వస్తోంది. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివిన కుర్రవాళ్లు ఆన్‌లైన్‌లో బోర్డులు తెప్పించి, వీడియోలు చూసి, నాన్న వద్దంటున్నా స్విచ్చుబోర్డు విప్పుతున్నారు. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న కొడుకు ఊళ్లోని తల్లిదండ్రుల ఇంటి మోటారును అక్కడి నుంచే ఆపాలని కోరుకుంటున్నాడు. కోరికలో తప్పు లేదు. ఏ పనికి ఇది నిజంగా పనికొస్తుంది, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుంది అన్నది మాత్రం బోర్డు విప్పక ముందే తెలుసుకోవలసిన విషయం.

ఏమిటీ పరికరం..

చైనాకు చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2014లో ఈఎస్‌పీ8266 అనే చిన్న చిప్‌ను విడుదల చేసింది. వైఫైతో మాట్లాడగలిగే చిప్ అంత చవకగా దొరకడం అదే మొదలు. దానికి ముందు ఇంటి ఆటోమేషన్ అంటే లక్షలు పోసి పెద్ద కంపెనీలతో చేయించుకునే వైభవం. ఆ చిప్ ఉన్న బోర్డు, దానికి జతగా ఒక రిలే నేడు కొన్ని వందల రూపాయలకే వస్తున్నాయి. రిలే అంటే మరేమీ కాదు, విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చు. ఫోన్ నుంచి సంకేతం వస్తే బోర్డు రిలేకు చిన్న వోల్టేజీ ఇస్తుంది, రిలే ‘టక్’మని 230 వోల్టుల తీగను కలుపుతుంది. ఇంత సులువు కనుకనే ఆకర్షణ. ఐదు వోల్టుల ఆటబొమ్మకూ 230 వోల్టుల మృత్యువుకూ మధ్య దూరం ఆ రిలే మీద ఒక అంగుళం కూడా ఉండదు.

ట్యాంకు మోటారే అసలు పరీక్ష

ఇంట్లో ఆటోమేషన్‌కు అన్నిటికంటే తగిన చోటు ఏదంటే, డాబా మీది నీళ్ల ట్యాంకు. ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే దాదాపు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుంది. టీవీ చూస్తూ మోటారు సంగతి మరచిపోతే కరెంటుతో పాటు మంచినీరు కూడా మురుగు కాలువ పాలవుతుంది. సంపు ఖాళీ అయ్యాక కూడా మోటారు తిరిగితే సీళ్లు పాడై, వైండింగ్ కాలి, రిపేరు ఖర్చు వేలల్లోకి వెళుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ట్యాంకు నిండిందో లేదో చూడడానికి మెట్లెక్కే శ్రమ వీటన్నిటికంటే పెద్దది.

ఈ పనికి ఫోను, ఇంటర్నెట్టు అసలు అవసరమే లేదు. ట్యాంకులో పైన ఒక ఫ్లోటు, కింద ఒక ఫ్లోటు, సంపు అడుగున మరొకటి ఉంటే చాలు. కింది ఫ్లోటు మోటారును వేస్తుంది, పైది ఆపుతుంది, సంపులోది ఎండిన మోటారును తిరగనివ్వదు. వీటికి తోడు కాలపరిమితి ఒకటి తప్పనిసరిగా పెట్టుకోవాలి. ట్యాంకు మామూలుగా అరగంటలో నిండే ఇంట్లో మోటారు నలభై నిమిషాలకు మించి తిరిగిందంటే ఎక్కడో పైపు పగిలిందనో, ఫ్లోటు ఇరుక్కుందనో అర్థం. అటువంటప్పుడు ఏ సెన్సరు ఏమి చెప్పినా వినకుండా మోటారు ఆగిపోయేలా ఉండాలి.

సెన్సర్ల ఎంపికలో చాలామంది దెబ్బతింటున్నారు. నీటిలోకి రెండు లోహపు పుల్లలు దించి, వాటి మధ్య కరెంటు ప్రవహిస్తే నీరున్నట్టు లెక్కించే పద్ధతి అన్నిటికంటే చవక. కానీ ఈ ప్రాంతపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ. కొద్ది నెలల్లో పుల్లలకు తెల్లని సున్నపు పొర పట్టి, నీరున్నా లేదని చెబుతాయి. వాటిలో ఎడతెగకుండా డీసీ కరెంటు నడిపితే లోహం నీటిలో కరిగిపోతుంది కూడా. పైనుంచి శబ్ద తరంగాలతో నీటి మట్టాన్ని కొలిచే సెన్సర్ల తీరు వేరు. ట్యాంకులోని ఆవిరికి అవి తడబడతాయి, సుమారు 20 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్న నీటిని చూడలేవు. పాతకాలపు ఫ్లోటు స్విచ్చుకే ఎక్కువ మార్కులు వేయవచ్చు.

ఫ్లోటులోనూ ఒక మెలిక ఉంది. బజారులో దొరికే తీగ ఫ్లోట్లలో చాలావరకు 230 వోల్టులను నేరుగా ట్యాంకు నీటిలోకి తీసుకెళ్లేవే. ఎండకు తీగ తొడుగు పగిలినా, ఎలుక కొరికినా ఆ ఇంటి నల్లా తిప్పినవారికే షాకు. ట్యాంకు వైపు 5 లేదా 12 వోల్టులు మాత్రమే పంపి, కింద మోటారు దగ్గర ఆ సంకేతంతో కాంటాక్టరును నడిపించుకోవడం క్షేమం. ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, అయినా తగ్గించుకోవలసిన ఖర్చు ఇది కాదు.

ఫోన్‌లో ఆఫ్.. బావిలో ఆన్

రిలే మీద ‘10 ఆంపియర్లు’ అని రాసి ఉంటుంది. ఒక హెచ్‌పీ మోటారు తిరిగేటప్పుడు అంతకంటే తక్కువే తీసుకుంటుంది కనుక సరిపోతుందని కుర్రవాళ్లు లెక్క వేస్తారు. ఆ పది ఆంపియర్లు హీటరు, బల్బు వంటి వాటికి వర్తించే లెక్క. మోటారు లేచే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే లోపలి కొనల మధ్య నిప్పురవ్వ లేచి, ఏదో ఒక రోజు అవి రెండూ అతుక్కుపోతాయి. అప్పుడు ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కినా, తెరమీద ‘ఆఫ్’ అని కనిపించినా మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ చూపించేది తాను పంపిన ఆజ్ఞనే, జరిగిన పనిని కాదు. మోటారుకు తగిన కాంటాక్టరును బిగించి, రిలేతో ఆ కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే నడపాలి. తమ్ముడి పెళ్లికి దండలు గుచ్చే దారంతో బావిలో బక్కెట దించితే ఏమవుతుందో, చిన్న రిలేతో నేరుగా మోటారు నడిపితే అదే అవుతుంది.

సబ్‌మెర్సిబుల్ బోరు మోటారున్న ఇళ్లలో మరో చిక్కు ఉంది. పాత తరహా సింగిల్ ఫేజ్ ప్యానెళ్లలో పచ్చ బటన్‌ను ఒకటి రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే స్టార్టింగ్ కెపాసిటరు పనిచేసి మోటారు లేస్తుంది. దానికి స్మార్ట్ ప్లగ్ తగిలిస్తే కరెంటు అందుతుంది గానీ మోటారు కదలదు. ‘గుయ్’మని మూలుగుతూ వేడెక్కుతుంది. ప్యానెల్‌నే మార్చుకోవాలి, లేదంటే ఆ మోటారు జోలికి పోకూడదు.

ఆటోస్టార్టరు నేర్పిన పాఠం ఇక్కడ కూడా వర్తిస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు రిలే ఏ స్థితిలో ఉండాలి? చాలా పరికరాల్లో దీనిని ఎంచుకునే వీలుంది. మోటారుకు, గీజరుకు ‘ఆఫ్’ అనే పెట్టుకోవాలి. కొన్ని పరికరాలు కొన్ననాటి నుంచే ‘పోయే ముందు ఎలా ఉంటే అలా’ అనే స్థితిలో వస్తాయి. ఊరెళ్లినవారి ఇంట్లో కరెంటు పోయి వచ్చి రెండు రోజులు మోటారు తిరిగిందంటే కారణం ఇదే కావచ్చు.

కరెంటు బిల్లు తగ్గుతుందా?

తగ్గుతుందని ప్రకటనలు చెబుతాయి. లెక్క వేసి చూస్తే వేరుగా కనిపిస్తుంది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బును రోజుకు నాలుగు గంటలు మరచిపోయి వదిలేస్తే నెలకు ఒక యూనిట్ కంటే కొద్దిగా ఎక్కువ. దానిని ఆపడానికి పెట్టిన వైఫై పరికరం రాత్రింబవళ్లు మేలుకొని ఉండాలి. ఒక వాటు తీసుకున్నా నెలకు 0.72 యూనిట్. మిగిలేది పావలా వంతు, అర్ధ రూపాయి వంతు. అటువంటివి పది బిగిస్తే అవి మేలుకొని ఉండడానికే నెలకు ఏడు యూనిట్లు పోతాయి.

అదే డబ్బుతో 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను వేసుకుంటే, రోజుకు పన్నెండు గంటల వాడకం మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఏ ఫోనూ అక్కర లేదు. ఆదా కోసమే ఆటోమేషన్ చేసుకునేవారు ముందు ఈ లెక్క చూడాలి. సౌకర్యం కోసమైతే వేరే మాట.

గీజరుకు టైమరు ఉపయోగకరమే. థర్మోస్టాట్ ఉన్నా, నీరు చల్లబడిన కొద్దీ రాత్రంతా మళ్లీ మళ్లీ వేడి చేస్తుంది గనుక స్నానానికి ముందు మాత్రమే వేసుకుంటే మిగులు కనిపిస్తుంది. రెండు కిలోవాట్ల గీజరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. పది ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ దానికి అంచుల్లో నిలబడడమే. 16 ఆంపియర్ల పరికరమే వాడాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టకూడదు. ఇక బకెట్‌లో వేసే ఇమ్మర్షన్ రాడ్డును ఫోన్‌తోగానీ, టైమరుతోగానీ నడపడం ఎంతమాత్రం తగదు. మామూలు రాడ్డులో థర్మోస్టాట్ ఉండదు. ఎవరూ లేని గదిలో నీరు ఆవిరై రాడ్డు బయటపడితే ప్లాస్టిక్ బకెట్ అంటుకుంటుంది. బకెట్‌లో చేయి పెట్టి నీరు వేడెక్కిందా అని చూసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది, ఆ క్షణంలో మరో ఊరి నుంచి ఎవరో ఆన్ నొక్కితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

గోడ లోపల ఏముందో చూశాకే..

ప్రమాదమంతా చిప్‌లో కాదు, పాత వైరింగ్‌లో ఉంది. ఇరవై ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో చాలాచోట్ల మూడో రంధ్రం ఉంటుంది, దానికి ఎర్తింగ్ తీగ ఉండదు. ఉన్నా పెరట్లోని ఎర్త్ గుంతలో నీళ్లు పోసి ఏళ్లు గడిచి ఉంటాయి. ఎంసీబీ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఎంసీబీ అధిక భారం నుంచి, షార్టు నుంచి తీగను కాపాడుతుంది. మనిషి శరీరం గుండా పోయే కొద్దిపాటి కరెంటు దానికి లెక్కలోకి రాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. పది స్మార్ట్ స్విచ్చులు కొనే డబ్బుంటే ముందు అది కొనాలి.

ఇంకొక పొరపాటు కంటికి కనిపించనిది. స్విచ్చు ఎప్పుడూ ఫేజు తీగ మీదే ఉండాలి. వైరింగ్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారై రిలే న్యూట్రల్ మీద పడితే దీపం ఆరుతుంది, పని జరిగినట్టే కనిపిస్తుంది. హోల్డరులో మాత్రం 230 వోల్టులు అలాగే ఉంటాయి. బల్బు మార్చడానికి స్టూలెక్కినవారికి ఆ సంగతి తెలియదు. మూత విప్పిన ప్రతిసారి టెస్టరుతో చూసుకోవాలి, ఫోన్‌లో ఆఫ్ చేసి తీగ ముట్టుకోకూడదు. మెయిన్ దించాలి. మోటారు మరమ్మతుకు పూనుకున్నవారు ఎంసీబీ దించి, ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాలి. బావి దగ్గర తండ్రి మోటారు విప్పుతున్న సంగతి దుబాయ్‌లో ఉన్న కొడుక్కి కనిపించదు.

స్విచ్చుబోర్డులో పెట్టే చాలా పరికరాలకు న్యూట్రల్ తీగ కావాలి. ప్లగ్ సాకెట్ ఉన్న బోర్డులో అది దొరుకుతుంది. వట్టి స్విచ్చులే ఉన్న బోర్డులో దొరకకపోవచ్చు. అప్పుడు కొందరు న్యూట్రల్‌కు బదులు ఎర్త్ తీగను కలుపుతున్నారు. పరికరం పనిచేస్తుంది కూడా. ఆ ఎర్తింగ్ ఎక్కడైనా తెగితే మాత్రం ఫ్రిజ్ తలుపు మొదలు వాషింగ్ మెషిన్ దాకా ఎర్త్ తగిలిన ప్రతి లోహపు ఒంటికీ కరెంటు పాకుతుంది. ఇది క్షమించరాని పని.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఈ విషయంలో గీత గీశాయి. 250 వోల్టులు దాటని దీపాలు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చుల వంటి వాటిని, వైరింగ్ స్వభావం గానీ సామర్థ్యం గానీ మారకుండా మార్చుకోవచ్చు. అంతకు మించిన మార్పులు, చేర్పులు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. ప్లగ్‌లో పెట్టే పరికరం, కోడు రాయడం, సెన్సరు అమర్చడం సొంతపని. గోడలో కొత్త తీగ లాగడం, మోటారు ప్యానెల్ మార్చడం ఎలక్ట్రీషియన్ పని. ఆయన కూడా కొత్త బోర్డు చూసి ‘ఇది నాకు తెలియదు’ అనవచ్చు. అతడు తీగల పని, కుర్రవాడు చిప్ పని పంచుకున్న ఇళ్లే నిలకడగా నడుస్తాయి.

కంపెనీ మూతపడితే..

చవక స్మార్ట్ ప్లగ్‌లలో ఎక్కువ భాగం ఇంట్లోని ఫోన్ నుంచి ఇంట్లోని దీపానికి నేరుగా మాట్లాడవు. ఆజ్ఞ ఎక్కడో దూరదేశపు సర్వరుకు వెళ్లి తిరిగి రావాలి. ఇంటర్నెట్టు పోతే ఆగిపోతాయి. ఆ సర్వరును కంపెనీ మూసివేస్తే శాశ్వతంగా ఆగిపోతాయి. అమెరికాలో రివాల్వ్ అనే హబ్ సేవలను 2016 మేలో నిలిపివేయడంతో కొన్నవారి చేతుల్లో ఉత్త డబ్బాలు మిగిలాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే సంస్థ సర్వర్లు ముందస్తు మాట లేకుండా ఆగిపోయాయి.

సొంతంగా చేసుకునేవారికి ఇక్కడే అసలైన పైచేయి ఉంది. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఇంట్లోని చిన్న కంప్యూటరు మీదే నడుస్తుంది. టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ వంటివి బోర్డులోకి ఎక్కిస్తే ఏ కంపెనీ సర్వరుతోనూ పని లేకుండా ఇంటి వైఫైలోనే పనిచేస్తాయి. బజారు వస్తువు కొనేవారు 2022 అక్టోబరులో వచ్చిన ‘మ్యాటర్’ ప్రమాణం గుర్తును చూసి కొనడం కొంత మేలు. ఆ ప్రమాణం ఇంటి లోపలి అదుపునకు వీలిస్తుంది. కొనేముందు ఇంటి రూటరును కూడా గమనించాలి. ఇటువంటి పరికరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే నడుస్తాయి. డాబా మీది ట్యాంకు దాకా, రెండు స్లాబులు దాటి సంకేతం అందుతుందో లేదో ఫోన్ పట్టుకుని పైకెక్కి చూసుకోవచ్చు.

బయటి నుంచి అదుపు చేయడానికి రూటరులో పోర్టులు తెరిచిపెట్టడం, కెమెరాకు వచ్చిన పాస్‌వర్డును అలాగే ఉంచడం దొంగకు తాళంచెవి ఇవ్వడమే. 2016లో మిరాయ్ అనే వైరస్ పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొని, ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. ఇంట్లో పెద్దవారి బాగోగులకని హాల్లో కెమెరా పెట్టేవారు వారిని ఒక మాట అడగడం మర్యాద. పగలంతా తమను ఎవరో చూస్తున్నారన్న ఇబ్బందిని కొడుకుతో చెప్పుకోలేని తల్లిదండ్రులు ఉంటారు.

పెద్దవారికి పనికొచ్చేది

వృద్ధులున్న ఇంట్లో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేది వైఫై కూడా లేని వస్తువు. మంచం నుంచి స్నానాలగదికి వెళ్లే దారిలో మనిషి కదలికకు వెలిగే దీపం. రాత్రి చీకట్లో స్విచ్చు తడుముకోబోయి పడి తుంటి విరగ్గొట్టుకునే ముప్పును అది తగ్గిస్తుంది. దాని సెన్సరు శరీరపు వేడికి, పరిసరాల వేడికి తేడాను బట్టి పనిచేస్తుంది. నడివేసవిలో గదే శరీరమంత వేడెక్కినప్పుడు కొంత మందగిస్తుంది. మోకాలి ఎత్తులో, దారికి అడ్డంగా చూసేలా బిగిస్తే ఆ లోపం చాలావరకు తీరుతుంది.

ఏ పరికరం పెట్టినా గోడమీది స్విచ్చు తీసివేయకూడదు. మెట్ల దీపానికి వాడే టూవే స్విచ్చు పద్ధతిలో రిలేను కలిపితే ఫోన్ పనిచేసినా, చేయకపోయినా స్విచ్చు నొక్కితే దీపం వెలుగుతుంది, ఆరుతుంది. కరెంటు పోయినప్పుడు రూటరు కూడా ఇన్వర్టరు మీద ఉండాలి. లేకపోతే ఇన్వర్టరు మీది దీపాలు వెలుగుతున్నా వాటిని ఆపే దారి ఫోన్‌లో ఉండదు.

ఇటువంటి ఇళ్లలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది సాంకేతికమైనది కాదు. అమర్చిన అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతాడు. ఆరు నెలలకు మోటారు ఆగిపోతుంది. వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు ఏ తీగ ఎక్కడికి పోయిందో అంతుపట్టదు. ఫోన్ చేస్తే అబ్బాయి మీటింగులో ఉంటాడు, ఇంట్లో నీళ్లు ఉండవు. బిగించిన రోజునే ఒక కాగితం మీద ఏ తీగ ఏమిటో తెలుగులో రాసి, ‘ఈ స్విచ్చు కిందికి వేస్తే పాత పద్ధతిలో మోటారు నడుస్తుంది’ అన్న వాక్యం పెద్ద అక్షరాలతో చేర్చి, మోటారు ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించాలి. ఆ స్విచ్చును అమ్మ చేత ఒకసారి వేయించి చూశాకే బస్సెక్కాలి.